పాత టేకు పెట్టెతో సిగార్ హ్యుమిడర్: వరంగల్ ఎండకూ వానకూ తగిన తయారీ

మూడేళ్ళ కింద దుబాయి నుండి సెలవు మీద వచ్చిన మా బావమరిది ఇరవై ఐదు సిగార్లున్న పెట్టె ఒకటి నా చేతిలో పెట్టి, "బావా, అన్నీ ఒక్కసారే కాల్చకు, పండుగకొకటి చొప్పున దాచుకో" అని చెప్పి పోయాడు. దాచుకొమ్మన్నాడు గాని ఎట్లా దాచాలో చెప్పలేదు. సంక్రాంతికి హన్మకొండలోని మా ఇంటి బీరువాలో పెట్టిన ఆ పెట్టెను శ్రీరామనవమికి తీసి చూస్తే, సిగార్ల పై ఆకు నిలువునా చిట్లి ఉంది. వేలితో నొక్కితే ఎండిన మామిడి తోరణంలా గలగలమంది. ఆ నష్టం తరువాతే హ్యుమిడర్ అనే వస్తువు గురించి తెలుసుకోవడం, మా తాతగారి కాగితాల పెట్టెను అందుకు పనికివచ్చేలా మార్చుకోవడం జరిగాయి. మొదటి ప్రయత్నం చెడిపోయింది. రెండవది రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు చూసింది కాబట్టి దాని తీరు ఇక్కడ వివరిస్తున్నాను.

హ్యుమిడర్ అంటే లోపలి గాలిలో తేమను ఒకే స్థాయిలో నిలిపి ఉంచే పెట్టె. సిగార్‌లో లోపలి పొగాకు, దానిని పట్టి ఉంచే ఆకు, అన్నిటికీ పైన చుట్టిన పలుచని ఆకు అని మూడు పొరలుంటాయి. ఆ పై ఆకు తేమ తగ్గితే పగులుతుంది, తేమ పెరిగితే ఉబ్బి బూజు పడుతుంది. బీడీలు చుట్టే ఇళ్ళలో తునికాకును నీళ్ళలో నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి ఉంచి, మెత్తబడ్డాకనే కత్తిరించడం ఉత్తర తెలంగాణలో పుట్టిన వారెవరికైనా చూసిన సంగతే. ఆకు ఎండితే మడత దగ్గర విరుగుతుందన్న సూత్రం రెండింటికీ ఒకటే. అయితే బీడీ ఆకుకు ఒక పూట మెత్తదనం చాలు. సిగార్‌కు నెలల తరబడి మెత్తదనం ఉండాలి, తడి మాత్రం తగలకూడదు.

సిగార్లకు 65 నుండి 70 శాతం తేమ, 18 నుండి 21 డిగ్రీల వేడి తగినవని ఎక్కువ మంది అంగీకరిస్తారు. ఇక్కడ ఒక మాట తేటగా చెప్పుకోవాలి. వరంగల్ జిల్లాలో తేమ శాతం అనగానే పత్తి గుర్తుకు వస్తుంది. సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో 8 నుండి 12 శాతం తేమ ఉన్న పత్తిని కొంటారని రైతులందరికీ తెలుసు. అది పత్తి బరువులో నీటి భాగం. హ్యుమిడర్‌లో చెప్పే 65 శాతం అది కాదు; ఆ వేడి దగ్గర గాలి ఎంత నీటి ఆవిరిని పట్టుకోగలదో అందులో ఎంత వంతు పట్టుకుని ఉందో చెప్పే లెక్క. అందుకే పత్తి యార్డులో వాడే మీటరు ఇక్కడ పనికిరాదు, గాలి తేమను చూపే హైగ్రోమీటరు వేరే కావాలి.

విదేశీ వివరణలు చదివి పెట్టె చేసుకునేవారు పొరపడేది కూడా ఇక్కడే. చలిదేశంలో చాలామటుకు హ్యుమిడర్‌కు తేమను అందించడమొక్కటే పని. మన దగ్గర ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం గదిలో మీటరు 25 శాతానికి దిగిపోతుంది, ఆగస్టు ముసురులో అదే మీటరు 80 దాటుతుంది. కాబట్టి మన పెట్టె ఎండాకాలం తేమను బయటికి పోనీయకుండా, వానాకాలం తేమను లోపలికి రానీయకుండా చూడాలి. నా ఉద్దేశంలో ఇందుకు కర్ర రకం కన్నా, తేమనిచ్చే పరికరం కన్నా, మూత ఎంత బిగువుగా కూర్చుంటుందన్నదే ముఖ్యం. కొనేవారు మాత్రం ముందుగా కర్ర గురించే అడుగుతారు.

పెట్టె, లోపలి పలకలు

పాత టేకు పెట్టె దొరికితే అంతకన్నా మంచిది లేదు. దశాబ్దాల పాటు ఎండకూ వానకూ అలవాటు పడిన టేకు ఇక పెద్దగా వంగదు. కొత్త కర్రతో చేయించుకోదలచినవారు టింబరు డిపోలో బాగా ఆరిన చెక్కనే అడగాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పలకలు వద్దు. వాటి జిగురు వాసన నెలలు గడిచినా పోదు, పొగాకు ఆ వాసనను దూదిలాగా పీల్చుకుంటుంది. అదే కారణంగా కలరా ఉండలు వేసి బట్టలు దాచిన పెట్టెను, ఇంగువ, మసాలాలు పెట్టిన పెట్టెను ఎంత కడిగినా ఈ పనికి వాడకూడదు.

నా పెట్టె బయటి కొలత 32 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 14 ఎత్తు. చెక్క మందం 12 మిల్లీమీటర్లు. లోపల 6 మిల్లీమీటర్ల పలకలు పరిచాక ఇంచుమించు 28 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, పదిన్నర ఎత్తు మిగిలింది. ఆరు అంగుళాల సిగార్ 15 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి వెడల్పుకు సరిపోయి, కొంత ఖాళీ కూడా ఉంటుంది. సిగార్ లావును అంగుళంలో 64వ వంతుల లెక్కన చెబుతారు. 50 అంటే 64లో 50 వంతులు, సుమారు 20 మిల్లీమీటర్లు. ఆ లెక్కన వరుసకు పద్నాలుగు, మూడు వరుసలకు నలభై రెండు పడతాయి. అయినా గాలి తిరగడానికి చోటుండాలి కాబట్టి ముప్పైకి మించి పెట్టకపోవడం మంచిది.

లోపలి పలకలకు ప్రపంచమంతటా పేరున్నది స్పానిష్ సెడార్. పేరుకు అది స్పెయిన్‌దీ కాదు, దేవదారు జాతిదీ కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే చెట్టు, మన వేపకూ మహాగనికీ చుట్టం. తేమను పీల్చుకుని మెల్లగా వదలడం, బూజును తట్టుకోవడం, పొగాకుకు నప్పే సన్నని పరిమళం దాని గుణాలు. ఆ చెట్టుకు మన దేశంలో దగ్గరి బంధువు తూన్, అంటే నందివృక్షం. వృక్షశాస్త్రజ్ఞులు వెనుకటి రోజుల్లో రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చేవారు. నేను తూన్ పలకలే వాడాను. అది దొరకనివారు ఖాళీ సిగార్ పెట్టెల పలకలను, వరుసల నడుమ పెట్టే పలుచని సెడార్ రేకులను పోగుచేసుకోవచ్చు. లేదా మహాగని వాడవచ్చు. దేవదారు మాత్రం వద్దు. దాని జిగట వాసన ముందర పొగాకు వాసన నిలవదు. లోపల టేకును అట్లాగే వదిలేయవచ్చు కదా అని ఒకరిద్దరు అడిగారు. వదలవచ్చు గాని టేకులో నూనె ఎక్కువ, అది తేమను సరిగా పీల్చుకోదు.

ఈ పీల్చుకోవడం ఎందుకంత అవసరమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నా పెట్టెలో గాలి దాదాపు ఆరు లీటర్లు. 30 డిగ్రీల వేడిలో, 65 శాతం తేమ దగ్గర ఆ గాలిలో ఉండే నీరు గ్రాములో ఎనిమిదో వంతు మాత్రమే. మూత ఒకసారి తెరిస్తే అదంతా పోయినట్టే. కాని లోపలి పలకల బరువు సుమారు 600 గ్రాములు. ఎండాకాలపు పొడి స్థితి నుండి 65 శాతం తేమ స్థితికి చేరేలోగా అవి 35 గ్రాముల దాకా నీరు తాగుతాయి. అంటే పెట్టెలో అసలు నిల్వ కర్రలోనే ఉంది. గాలికి తగ్గినప్పుడల్లా కర్ర ఇస్తుంది, ఎక్కువైనప్పుడల్లా తీసుకుంటుంది.

పలకలు బిగించడం

నీరు తాగిన కర్ర ఉబ్బుతుంది, అదీ పొడవునా కాదు, అడ్డంగా. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పలక మే నుండి ఆగస్టుకు 2 నుండి 3 మిల్లీమీటర్లు పెరగగలదు. అందువల్ల అడుగుకు ఒకే వెడల్పాటి పలక కాకుండా మూడు సన్నని పలకలను పక్కపక్కన, వాటి నడుమ గోటి మందం సందుతో పరచాలి. జిగురుతో అతికించకూడదు, అతికిస్తే ఉబ్బడానికి చోటు లేక పలక పైకి లేస్తుంది, లేదా బయటి పెట్టె మూల విచ్చుతుంది. ముందుగా అడుగు పలకలు, ఆపైన పొడవు పక్కలు, చివరగా పొట్టి పక్కలు వేసి, ఒకదాని ఒత్తిడితో మరొకటి నిలిచేట్టు కోసుకోవాలి. రంపం గీతకు అర మిల్లీమీటరు ఎక్కువగా వదిలి, 120 నంబరు గరుకు కాగితంతో రుద్దుతూ సరిచూసుకుంటే సులువు. మూత పైకప్పు పలక మాత్రం కింద పడకుండా నడిమిన ఒక్క గీత మేరకు ఫెవికాల్ పూసి, వారం రోజులు మూత తెరిచి ఆరబెట్టాను.

మొత్తం పనిలో కష్టమైనది పెదవి. పక్క పలకలు పెట్టె అంచుకన్నా 6 మిల్లీమీటర్లు పైకి నిలవాలి. మూత వేసినప్పుడు ఈ పెదవి మూత లోపలికి దూరి, గాలి తిన్నగా పోయే దారిని అడ్డగిస్తుంది. మూతలోని పక్క పలకలను ఆ మేరకు తగ్గించి కోయాలి, అయితే సరిగ్గా 6 మిల్లీమీటర్లు కాదు, 8 తగ్గించాలి. ఆ 2 మిల్లీమీటర్ల సందు సంగతి తెలియకనే నా మొదటి పెట్టె చెడింది. మండు వేసవిలో, పలకలు పూర్తిగా ఎండి ఉన్నప్పుడు, పెదవి వెళ్ళి మూత పలకకు ఆనేటట్టు ఎంతో నైపుణ్యంగా కోశానని మురిసిపోయాను. ఆగస్టు రాగానే పక్క పలకలు పైకి ఉబ్బి మూతను అగ్గిపుల్ల మందాన ఎత్తివేశాయి. ఆ సందులోంచి ముసురు గాలి దూరి, పది రోజుల్లో ఆరు సిగార్ల మీద పచ్చని బూజు లేచింది. అందుకే వీలైతే ఈ పనిని దసరా తరువాత, అక్టోబరు, నవంబరు నెలల్లో మొదలుపెట్టాలి. అప్పుడు కర్ర బాగా ఎండీ ఉండదు, బాగా ఉబ్బీ ఉండదు.

ముందువైపు పెదవి పై అంచును బయటి పక్కకు కొద్దిగా ఏటవాలుగా చెక్కాలి. మూత వెనుక మడతబందుల మీద తిరుగుతూ దిగుతుంది కాబట్టి దాని ముందు గోడ కొంచెం లోపలి నుండి వస్తుంది. ఏటవాలు లేకపోతే అది పెదవికి తట్టుకుంటుంది. మడతబందులు, అంటే మన వడ్రంగులు కబ్జాలని పిలిచేవి, ఇత్తడివైతే తుప్పు పట్టవు. పాత పెట్టెకు తాళపు రంధ్రం ఉంటే అందులోంచి గాలి పోతుంది. లోపలి పలక దానిని వెనుక నుండి పూర్తిగా కప్పేట్టు చూడాలి.

బిగువును పరీక్షించడానికి రెండు పద్ధతులు చాలు. రాత్రి దీపాలన్నీ ఆర్పి, ఫోను టార్చి వెలిగించి పెట్టెలో పెట్టి మూత వేసి చుట్టూ చూడాలి; వెలుగు గీత కనిపించిన చోట గాలి కూడా పోతుంది. ఆ తరువాత ఒక కాగితం ముక్కను అంచు మీద పెట్టి మూత వేసి లాగాలి. నాలుగు వైపులా కాగితం ఒకే విధంగా పట్టుకోవాలి. ఎత్తుపల్లాలుంటే గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, పెట్టె అంచును దాని మీద బోర్లించి రుద్దితే సమమవుతుంది. సందులకు రబ్బరు పట్టీ అతికించడం తేలికే గాని, ఎండకు రబ్బరు వదిలే వాసన లోపలికి చేరుతుంది.

బయటి వైపుకు లక్క పాలిష్ నాలుగైదు పూతలు వేయించాలి. లక్క చూపుకే కాదు, తేమను అడ్డుకోవడంలో కూడా మంచిది. స్పిరిటు వాసన పోయేదాకా రెండు వారాలు గాలికి ఉంచాలి. లోపలి పలకలకు పాలిష్, వార్నిష్, నూనె ఏదీ తగలకూడదు.

మీటరు, నీరు, తేమ పొట్లాలు

చిన్న డిజిటల్ హైగ్రోమీటరు ఆన్‌లైన్‌లో తేలికగా దొరుకుతుంది, కాని అది చూపే అంకెను పరీక్షించకుండా నమ్మకూడదు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, రెండు మూడు చుక్కల నీటితో తడి ఇసుకలా చేయాలి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. దానిని, మీటరును కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. గది వేడి కొంచెం అటూఇటూ అయినా ఈ అంకె పెద్దగా మారదు. మీటరు 71 చూపితే అది 4 తక్కువ చూపుతున్నదని కాగితం మీద రాసి వెనుక అతికించుకుంటే చాలు. నాది 3 ఎక్కువ చూపుతుంది.

తేమనిచ్చే సాధనాల్లో స్పాంజి, జెల్ గుళికల వంటివి చాలా ఉన్నాయి. వాటిలో చాలామటుకు తేమను ఇవ్వడం తెలిసినవే గాని తీసుకోవడం తెలిసినవి కావు. మన ఆగస్టుకు అవి చాలవు. ఉప్పు ద్రావణం నింపిన బోవెడా వంటి రెండు వైపుల పొట్లాలు తక్కువైతే ఇస్తాయి, ఎక్కువైతే పీలుస్తాయి. వీటిని 62, 65, 69, 72 వంటి అంకెలతో అమ్ముతారు. వేడి గదులకు నేను 65 లేదా 62 సూచిస్తాను. వేడి, తేమ రెండూ కలిస్తే బూజుకూ పురుగుకూ విందు అవుతుంది. ఇరవై ఐదు సిగార్లు పట్టే చోటుకు 60 గ్రాముల పొట్లం ఒకటి చొప్పున లెక్క వేయాలి; నా పెట్టెకు రెండు పడతాయి, మే నెలలో మూడవది కూడా వేస్తాను.

సిగార్లు పెట్టే ముందు కర్రకు తేమ పట్టించాలి. కొందరు తడి గుడ్డతో పలకలను తుడవమంటారు. తుడిస్తే పైభాగం ఒక్కసారిగా తడిసి పలక వంగుతుంది, కాబట్టి నేను తుడవను. చిన్న స్టీలు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఖాళీ పెట్టెలో పెట్టి మూత వేసి, రోజుకొకసారి మీటరు చూడాలి. వారం, పది రోజులకు అంకె 70 దాటి నిలిచాక గిన్నె తీసి, 65 పొట్లాలు పెట్టి, మరో వారం ఖాళీగానే ఉంచి, 65 దగ్గరకు దిగి కదలకుండా ఉన్నదని తేలాకనే సిగార్లు సర్దాలి. గిన్నె నీరు చిందుతుందన్న భయమున్నవారు ఇందుకోసమే అమ్మే 84 శాతం పొట్లాలను రెండు వారాలు వాడవచ్చు. బోరు నీరు, నల్లా నీరు వద్దు. వాటిలోని లవణాలు తెల్లని మరకలవుతాయి, సూక్ష్మజీవులు బూజుకు దారితీస్తాయి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణంలో దొరుకుతుంది. అక్కడ యాసిడ్ కూడా అటువంటి డబ్బాల్లోనే ఉంటుంది, పేరు చదివి తీసుకోవాలి.

వేడి, పురుగు

తేమను పెట్టె చూసుకుంటుంది గాని వేడిని చూసుకోలేదు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు స్లాబు కింది పై అంతస్తు గదిలో ఏ కర్రపెట్టె అయినా పొయ్యి పక్కన పెట్టినట్టే. 24, 25 డిగ్రీలు దాటితే పొగాకులో దాగి ఉన్న పురుగు గుడ్లు పొదిగే అవకాశం పెరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్ర గోధుమరంగు పెంకు పురుగు అది; నిజామాబాద్ పసుపు కొమ్ములను, ఇంట్లో నిల్వ చేసిన ధనియాలను, ఎండుమిర్చిని తొలిచి పొడి చేసేది కూడా అదే. సిగార్ మీద గుండుసూది గుచ్చినట్టు గుండ్రని రంధ్రం, పెట్టె అడుగున సన్నని పొడి కనిపిస్తే అది వచ్చిందని అర్థం. కాబట్టి పెట్టెను వంటింటి సామాను అర్రకు, అగరుబత్తీల పొగ ఉండే దేవుని మూలకు దూరంగా, ఎండ తగలని నడింటి గదిలో, గోడ బీరువా కింది అరలో పెట్టాలి. మందపాటి రాతి గోడల పెంకుటిల్లు ఉన్నవారు ఈ విషయంలో అదృష్టవంతులు.

కొత్తగా వచ్చిన సిగార్లను పెట్టెలో చేర్చే ముందు నేను చలి చికిత్స చేస్తాను. గాలి తీసిన జిప్ సంచిలో, దాని మీద మరో సంచిలో వేసి, ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు 18 డిగ్రీల మైనస్ చలి ఉండే డీప్ ఫ్రీజర్‌లో, మళ్ళీ ఒక రోజు ఫ్రిజ్‌లో, చివరగా గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకుండా ఉంచాలి. తొందరపడి మధ్యలో ఏ మెట్టు వదిలినా ఆకు పగులుతుంది. ఏసీ లేని ఇంట్లో ఏప్రిల్ చివరి నుండి మృగశిర దాకా సిగార్లను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, ఒక 65 పొట్లంతో సహా, ఫ్రిజ్ కింది అరలోకి మార్చడమే నా సలహా. డబ్బా బిగువుగా లేకపోతే ఫ్రిజ్ పొడి గాలి వాటిని ఎండబెడుతుంది, పైగా పచ్చళ్ళ వాసన పట్టిస్తుంది. ఆ నెలన్నర పాటు ఖాళీ కర్రపెట్టెలో పొట్లాలు మాత్రం అట్లాగే ఉండాలి, లేకపోతే పలకలు ఎండి జూన్‌లో మళ్ళీ మొదటి నుండి తేమ పట్టించవలసి వస్తుంది.

ఇక నిర్వహణ పెద్దగా లేదు. వారానికొకసారి మూత తెరిచి మీటరు చూడటం, నెలకొకసారి పై వరుసను కిందికి, కింది వరుసను పైకి మార్చడం చాలు. పొట్లం లోపలి ద్రవం గట్టిపడి పలకలా తగిలితే మార్చాలి. మా ఇంట్లో ఎండాకాలం అది రెండు నెలలకే గట్టిపడుతుంది, వానాకాలం ఉబ్బిన పొట్లం నాలుగు నెలలైనా మెత్తగానే ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టెకు చిన్న కొండీ, తాళం పెట్టించడం తప్పనిసరి.

ఇప్పటికే ఎండిపోయిన సిగార్లు చేతిలో ఉన్నవారు వాటిని తిన్నగా 69 పొట్లం దగ్గర పెట్టకూడదు. పై ఆకు త్వరగా ఉబ్బి, లోపలి పొగాకు ఇంకా ఎండుగానే ఉండటంతో పగుళ్ళు పెరుగుతాయి. నెల రోజులు 62 దగ్గర, ఆపైన 65 దగ్గర ఉంచాలి. మా బావమరిది తెచ్చిన వాటిలో పగలని పదకొండింటికి ఇట్లాగే చేశాను. మెత్తదనం తిరిగి వచ్చింది, ఎగిరిపోయిన నూనెల పరిమళం మాత్రం రాలేదు.